బడి తెరిచే ముందే మొదలయ్యే పాఠం

జూన్ రెండో వారంలో మన బడులు తెరుస్తారు. దానికి వారం ముందు నుంచే ఎల్‌కేజీ, యూకేజీ టీచర్లకు చేతినిండా పని. చార్టు కాగితాలు, థర్మాకోల్ ముక్కలు, గమ్ము సీసాలు గదినిండా పోగుపడతాయి. గోడ మీద మిక్కీ మౌస్ వెలుస్తాడు, కిటికీల మీద సీతాకోకచిలుకలు వాలతాయి, పైకప్పు నుంచి రంగు కాగితాల తోరణాలు దిగుతాయి. పిల్లవాణ్ణి చేర్పించడానికి వచ్చిన అమ్మానాన్నలు తొంగిచూసి ముచ్చటపడతారు. ఆ అలంకారంలో చాలా భాగం వాళ్ల కంటి ఎత్తులోనే ఉంటుంది మరి. మూడేళ్ల పిల్లవాడి చేతికి అందాల్సిన వస్తువులేమో బీరువాలో, తాళం వెనక.

మాంటిస్సోరి పద్ధతిని నిజంగా పాటించే బడిలో ఇదే వారం వేరేలా గడుస్తుంది. అక్కడ టీచర్ చేసే మొదటి పని నేల మీద కూర్చోవడం. గుమ్మం దగ్గర ఒకసారి, గది మధ్యలో ఒకసారి, అరల ముందు ఒకసారి కూర్చుని చూస్తుంది. ఇక్కణ్ణించి ఏం కనిపిస్తోంది? చెయ్యి చాస్తే ఏది అందుతోంది? ఏ వస్తువు కోసం పెద్దవాళ్లను పిలవాల్సి వస్తుంది? పిలవాల్సి వచ్చిన ప్రతి చోటా గది ఇంకా సిద్ధం కానట్టే లెక్క. ఏడాది పొడుగునా టీచర్ తక్కువ మాట్లాడాలంటే, ఆ మాటలు చెప్పాల్సిన పనిని ముందే గదికి అప్పగించాలి. ఈ సంప్రదాయం కిటుకంతా అందులోనే ఉంది.

తాళం వేయడం మరిచిన రోజు

1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో ఈ పద్ధతికి మొదటి బడి తెరిచారు. తల్లిదండ్రులు కూలికి పోతే, పిల్లలు అక్కడి అద్దె భవనాల మెట్ల మీదా గోడల మీదా ప్రతాపం చూపిస్తున్నారని యజమానులు ఒక గది కేటాయించారు. దాని బాధ్యత డాక్టర్ మరియా మాంటిస్సోరికి అప్పగించారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం తాను వాడిన చెక్క సామగ్రిని ఆమె అక్కడికి తెచ్చింది. మొదట్లో ఆ సామగ్రి కూడా పెద్ద బీరువాలోనే ఉండేది. టీచరే తాళం తీసి పంచేది, టీచరే సర్ది తాళం వేసేది.

ఒకరోజు టీచర్ ఆలస్యంగా వచ్చింది. ముందురోజు బీరువాకు తాళం వేయడం మరిచింది. వచ్చేసరికి పిల్లలు తలుపులు తెరిచి ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటున్నారు. ఆమెకు అది దొంగతనంలా కనిపించింది. మాంటిస్సోరికి మరొకటి కనిపించింది: వీళ్లకు వస్తువులన్నీ తెలుసు, ఎవరికి ఏది కావాలో తేల్చుకోవడమూ తెలుసు. ఆ తర్వాత బీరువా స్థానంలో పిల్లల ఎత్తున్న తెరిచిన అరలు వచ్చాయి. ఈ సంగతిని ఆమే తన పుస్తకంలో రాసుకుంది. నేటికీ మాంటిస్సోరి గదిలో మొదట కంటపడేది ఆ పొట్టి అరలే.

ముందు ఖాళీ, తర్వాత సర్దుడు

పని మొదలుపెట్టేది గదిని పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి. సామానంతా ఉండగా మూలమూలలా సవరిస్తూ పోతే నిరుడు జరిగిన పొరపాట్లన్నీ అలాగే మిగిలిపోతాయి. ఖాళీ గదిలోకి ముందుగా అరలు వస్తాయి. గోడల వెంబడి కొన్ని, గదిని భాగాలుగా విడదీసేలా అడ్డంగా కొన్ని. పిల్లల భుజాల ఎత్తు దాటకపోతే ఏ అర వెనక ఎవరున్నా టీచర్‌కు కనిపిస్తారు. నేల చాలావరకు ఖాళీగా ఉండాలి, ఎందుకంటే సగం పని చాపల మీదే జరుగుతుంది. చుట్టిన చాపలకు ఒక మూల నిలువు బుట్ట. పిల్లవాడు తన చాప తాను పరుచుకున్నాక ఆ మేరా అతనిది. మిగతావాళ్లు చుట్టూ తిరిగి వెళ్లాలి. వరుసగా బల్లలు వేసిన గదిలో ఇలాంటి మర్యాద నేర్పడానికి చోటే ఉండదు.

కుర్చీ పిల్లవాడే మోయగలిగినంత తేలికగా ఉండాలి. తగిలితే పడిపోతుందిగా అంటారు. పడాలనే. ధడేలుమన్న చప్పుడు విన్న పిల్లవాడు మర్నాడు ఆ కుర్చీ పక్కనుంచి ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుస్తాడు. నేలకు బిగించిన బెంచీ ఆ సంగతి ఎప్పటికీ చెప్పదు. గాజు గ్లాసు పెట్టడంలోనూ అదే తర్కం. స్టీలు గ్లాసు ఎన్నిసార్లు పడేసినా ఏమీ కాదు కాబట్టి పట్టుకునే తీరు కూడా మారదు.

అరల మీద సర్దడానికి ఒక వరస ఉంది. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, తేలిక నుంచి కష్టానికి. చదివేటప్పుడు కన్ను వెళ్లే దారి కూడా అదే. ఇంటి పనులు, ఇంద్రియాల సాధన, భాష, లెక్కలు, ప్రకృతి విజ్ఞానం దేనికదే ఒక అర. ప్రతి వస్తువుకూ ఒకే చోటు, ఏడాదంతా అదే చోటు. అమ్మ చెయ్యి చీకట్లో కూడా పోపుల డబ్బా మీదికే వెళ్లినట్టు, పిల్లవాడి కాలు వెతకకుండా తన వస్తువు దగ్గరికి నడవాలి. ప్రతిదీ గదికి ఒక్కటే ఉంటుంది. ఇంకొకరు వాడుతుంటే ఆగాలి. 'ఓపిక పట్టు' అని టీచర్ చెప్పే పని లేకుండా ఆ ఒక్క వస్తువే నేర్పుతుంది.

ఒక ట్రే, 45 పుల్లలు

ఇంటి పనుల అరలో మొదటి ట్రేని దగ్గరగా చూద్దాం. పిడి ఉన్న చిన్న జగ్గులు రెండు. కుడివైపు దానిలో సగానికి పెసలు. వాటి కింద ట్రే, ఆ ట్రే రంగు పెసలు కింద పడితే కనిపించేలా ఉంటుంది. చేయాల్సిన పని ఒక జగ్గులోంచి మరో జగ్గులోకి వంచడం, మళ్లీ తిప్పి వంచడం. అది పట్టుబడ్డాక అదే అరలో పక్క ట్రేలో నీళ్లు. అక్కడ జగ్గుకు రంగు దారంతో ఒక గీత, దాని దాకానే పోయాలి. పక్కనే పిల్లవాడి పిడికిట్లో పట్టేలా కత్తిరించిన స్పాంజి. స్పాంజి లేకపోతే ఒలికిన ప్రతిసారీ ఆయమ్మ రావాలి, 'చూసి పొయ్యలేవా' అనాలి. స్పాంజి ఉంటే ఒలకడం తప్పు కాకుండా పోతుంది, తుడవడం కూడా పనిలో భాగమవుతుంది. మణికట్టు అదుపులోకి రావడానికి ఇంతకన్నా మంచి సాధన లేదు. రేపు పెన్సిల్ పట్టేది ఆ మణికట్టే.

మన ఇళ్లలో దొరికేవే ఈ అరను నింపుతాయి. పిడి కురచ చేసిన చీపురు, చిన్న చేట, జల్లెడ, చపాతీ పీట, వలవడానికి వేరుసెనక్కాయలు, గుండీలూ హుక్కులూ కుట్టిన గుడ్డ ముక్కలు. బొమ్మ చీపురు కాదు, నిజంగా ఊడ్చే చీపురు.

లెక్కల అరలో పుల్లల పెట్టె ఉంటుంది. 0 నుంచి 9 దాకా అంకెలు రాసిన పది గదులు, వాటికి సరిగ్గా 45 పుల్లలు. 1 ఉన్న గదిలో ఒకటి, 2 ఉన్న గదిలో రెండు, అలా 9 దాకా. ఎక్కడైనా ఒకటి ఎక్కువ పడితే చివరి గదికి పుల్లలు చాలవు. ఎవరూ తప్పు పట్టరు, పెట్టే పడుతుంది. పిల్లవాడు వెనక్కి వెళ్లి తానే సరిచూసుకుంటాడు. సున్నా గది ఖాళీగా మిగలడం చూశాక సున్నా అంటే ఏమిటో ఉపన్యాసం అక్కర్లేదు. అయితే వేసవిలో ఒక్క పుల్ల పోయి 44 మిగిలితే, సరిగా చేసిన పిల్లవాడికే తాను తప్పు చేసినట్టు కనిపిస్తుంది. అందుకే బడి తెరిచే ముందు ప్రతి పెట్టెలోని వస్తువులనూ లెక్కపెట్టి తీరాలి. ఒక సెంటీమీటర్ నుంచి పది సెంటీమీటర్ల దాకా పది ఘనాలతో కట్టే గులాబీ రంగు గోపురంలో కూడా ముందు మాయమయ్యేది అన్నిటికన్నా చిన్నది. ఆ పదీ ఒకే రంగులో ఉండటానికీ కారణం ఉంది. రంగు మారదు, ఆకారం మారదు, మారేది పరిమాణం ఒక్కటే. కాబట్టి కన్ను దాన్నే పట్టుకుంటుంది.

తెలుగు అక్షరాలకు వేరే ఏర్పాటు

ఇంగ్లిష్ అక్షరాల కోసం తయారైన సామగ్రిని కొని తెచ్చి తెలుగు నేర్పలేం. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టల మీద అంటించే పని చాలా చోట్ల టీచర్లే చేసుకుంటారు. వేలితో దిద్దుతూ పలకడం వీటి ఉపయోగం. మన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. అక్షరాభ్యాసం నాడు బాసరలోనైనా ఇంట్లోనైనా బియ్యం పోసిన పళ్లెంలో వేలితోనే కదా దిద్దిస్తాం. బలపం కన్నా ముందు వేలు నేర్చుకోవాలన్న ఎరుక మన తంతులోనే ఉంది. ఆ ఒక్క రోజుతో ఆపేసి, మర్నాడే పెన్సిల్ చేతికిచ్చి నాలుగు గీతల కాపీ పుస్తకం ముందు పెట్టడంతోనే చిక్కు.

తెలుగు అక్షరాల్లో చాలావాటికి నిలువు గీత లేదు, అంతా వంపులే. వేలు ఎక్కడ మొదలవ్వాలో చిన్న చుక్క పెట్టకపోతే పిల్లవాడు ఎటునుంచైనా దిద్దుతాడు, ఆ అలవాటు చేతిరాతలో ఉండిపోతుంది. విడి అక్షరాలతో మాటలు పేర్చే పెట్టెలో ఇంకా జాగ్రత్త కావాలి. 'క' అట్ట పక్కన గుడి అట్ట పెడితే 'కి' కాదు, ఎందుకంటే గుడి వచ్చినప్పుడు తలకట్టు పోవాలి. కాబట్టి తలకట్టు తీసేసిన అక్షరాలు కొన్ని విడిగా, తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం లాంటి గుర్తులు మరో రంగులో విడిగా, ఒత్తులు చిన్న సైజులో ఇంకో అరలో పెట్టుకోవాలి. ఖ, జ, బ, ల లాంటి తలకట్టు లేని అక్షరాలతో మొదలుపెడితే గుణింతం కాస్త తేలికవుతుంది. 'అ ఆ ఇ ఈ' వరస వల్లించడానికి బాగుంటుంది. చదవడానికి మాత్రం జడ, బలపం, లత లాంటి మాటలు త్వరగా కూడేలా అక్షరాలను ఎంచుకోవడమే మేలు.

గోడలకు కాస్త విశ్రాంతి

ఇంత పెట్టాక గోడలు మాత్రం దాదాపు ఖాళీగా వదిలేయాలి అంటుంది ఈ సంప్రదాయం. పిల్లల కంటి ఎత్తులో రెండు మూడు మంచి బొమ్మలు, ఒక మొక్క, అంతే. ఇది ఉత్త అభిరుచి కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు అలంకారాలు నిండిన గదిలో, కొన్ని బోసి గోడల గదిలో చెప్పారు. నిండుగా అలంకరించిన గదిలో 38.6 శాతం సమయం పిల్లల ధ్యాస పాఠం మీద లేదు. బోసి గదిలో అది 28.4 శాతం. నేర్చుకున్నది కూడా బోసి గదిలోనే ఎక్కువ. చిన్న అధ్యయనమే, అన్ని బడులకూ ఇదే తీర్పు అనలేం. అయినా థర్మాకోల్ మీద పెట్టే ఖర్చును ఒకసారి పునరాలోచించుకోవడానికి సరిపోతుంది.

డబ్బున్న బడులకేనా?

ఈ ప్రశ్న మన దేశంలో ఎప్పుడో వచ్చింది, జవాబూ ఇక్కడే దొరికింది. వకీలు వృత్తి వదిలేసిన గిజూభాయి బధేకా 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం తెరిచి, మాంటిస్సోరి సామగ్రి పక్కన కథలకూ జానపద గేయాలకూ మట్టి పనికీ చోటిచ్చాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో అనుతాయి వాఘ్‌తో కలిసి మహారాష్ట్ర తీరంలోని బోర్డిలో పని మొదలుపెట్టింది. గవ్వలు, గులకరాళ్లు, విత్తనాలు, ఆకులే అక్కడి సామగ్రి. బడికి రాని పిల్లల కోసం బడినే వాళ్ల వాకిళ్లకు తీసుకెళ్లారు. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్)తో ఊరూరా వెలసిన అంగన్‌వాడీలకు ఆ వాకిలి బడులే పూర్వరూపం. అంతకుముందే, 1939 నవంబర్‌లో, దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మాంటిస్సోరే మద్రాసులోని అడయారు వచ్చింది. కొన్ని నెలలకని వచ్చి, రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1946 దాకా ఉండిపోయి, మన దేశపు టీచర్లెందరికో తానే శిక్షణ ఇచ్చింది.

కాబట్టి సామగ్రి విదేశాల నుంచి రానక్కర్లేదు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క రంగులు పూసే చేతులు వరస సైజుల్లో స్తంభాలు తీసివ్వగలవు. కొండపల్లి పొనికి బొమ్మలు జంతువుల పేర్లకూ పనివాళ్ల పేర్లకూ భేషుగ్గా పనికొస్తాయి. చింతపిక్కలు లెక్కకు ఎటూ ఉన్నాయి, నోట్లో పెట్టుకునే వయసు దాటినవాళ్లకు మాత్రమే. అసలు అడ్డంకి డబ్బు కాదు, ఒక్కో గదిలో కుక్కే పిల్లల సంఖ్య. మూలకొకరు చాప పరుచుకునే చోటు కూడా లేకపోతే ఏ సామగ్రీ ఏమీ చేయలేదు.

తొలి పదిహేను రోజులు

అన్నీ సర్దాక కొన్నిటిని మళ్లీ లోపల పెట్టేయాలి. కొత్త పిల్లలు వచ్చే రోజున అరలు సగం ఖాళీగానే ఉంటాయి. ఎలా వాడాలో చూపించిన తర్వాతే ఒక్కో వస్తువు అర మీదికి వస్తుంది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలు ఒకే గదిలో ఉంటారు కాబట్టి, చాలా చోట్ల పాతవాళ్లను కొన్ని రోజులు ముందు రమ్మంటారు. వాళ్లు గదిని నడిపించే స్థితికి వచ్చాక కొత్తవాళ్లను కొద్దికొద్దిగా చేర్చుకుంటారు. ఏడుస్తూ వచ్చిన మూడేళ్లవాడికి చాప చుట్టడం టీచర్ కన్నా పక్కనున్న ఐదేళ్ల అక్కే బాగా చూపిస్తుంది.

మాంటిస్సోరి పేరుకు హక్కుదారులు లేరు. మన ఊళ్లలో ప్రతి రెండో వీధిలో ఆ బోర్డు ఉంది. పిల్లల్ని చేర్పించబోయే అమ్మానాన్నలు బోర్డునూ ఫీజునూ పక్కన పెట్టి, ఒక్క ఐదు నిమిషాలు తరగతి గది నేల మీద కూర్చునే అనుమతి అడగాలి. అరలు తెరిచి ఉన్నాయా, స్పాంజి ఎక్కడుంది, చీపురు మన వాడి ఎత్తుకు ఉందా అని చూడాలి. వీటికి జవాబు గదే చెప్పేస్తే, ఇక ప్రిన్సిపాల్‌ను అడగాల్సింది ఒక్కటే మిగులుతుంది: ఈ గదిలో మొత్తం ఎంతమంది పిల్లల్ని కూర్చోబెడతారు?