రీజెంట్స్ పరీక్ష, రివెట్ పని: ఒకే బడిలో

న్యూయార్క్ క్వీన్స్‌లో ఏవియేషన్ హైస్కూల్ అనే ప్రభుత్వ బడి ఉంది. అక్కడి పిల్లలు ఆల్జీబ్రా, ఇంగ్లీషు, చరిత్ర, సైన్సు చదివి, రాష్ట్ర ప్రభుత్వం పెట్టే రీజెంట్స్ పరీక్షలు రాస్తారు. అదే భవనంలో విమానం రేకులకు రివెట్లు కొడతారు, ఇంజిన్లు విప్పి మళ్ళీ బిగిస్తారు. హ్యాంగర్‌లో ఉన్నవి అసలు విమానాలే. కాలేజీకి వెళ్ళేవాళ్ళు వేరు, పనిలోకి దిగేవాళ్ళు వేరు అని పద్నాలుగేళ్ళకే విడదీయని ఆ పాఠ్యక్రమం నాకు ఎంతో నచ్చుతుంది.

దాని అల్లికలోని నేర్పు తెలియాలంటే చిన్న పనులు చూడాలి. రివెట్‌ను కొట్టినప్పుడు రెండో వైపు లోహం అణగి ఇంకో తల ఏర్పడుతుంది. దాని వెడల్పు రివెట్ వ్యాసానికి సుమారు ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. తక్కువ కొడితే పట్టు చాలదు, ఎక్కువ కొడితే పగుళ్ళు రావచ్చు. కొలతకు రాకపోతే డ్రిల్లుతో తొలిచి తీసేసి మళ్ళీ మొదలుపెట్టాలి. లెక్కల క్లాసులో విన్న నిష్పత్తి ఇక్కడ చేతికి తగులుతుంది. సేఫ్టీ వైరు చుట్టడం ఇంకా చక్కని పాఠం. బోల్టు వదులవబోతే ఆ తీగ దాన్ని బిగిసే వైపే లాగాలి. అంటే బోల్టు ఎటు తిరగబోతుందో తీగ చుట్టకముందే ఊహించాలి. బలం ఎటు పనిచేస్తుందో తెలియనివాడికి ఈ ముడి కుదరదు.

ఈ బడి తన పిల్లలకు తానే మార్కులు వేసుకుని మురిసిపోయే వీలు కూడా లేదు. విమానాల మెకానిక్ సర్టిఫికెట్ ఇచ్చేది అమెరికా కేంద్ర విమానయాన సంస్థ ఎఫ్.ఎ.ఎ. దానికి రాత పరీక్ష, మౌఖికం, చేతిపని పరీక్ష మూడూ నెగ్గాలి, 18 ఏళ్ళు నిండాలి. విమాన దేహానికి ఒక అర్హత, ఇంజినుకు మరొకటి. రెండూ కావాలనుకునేవారు ఐదో ఏడాది కూడా ఉండి చదువుకోవచ్చు. తొందరపెట్టని ఆ అదనపు ఏడాది నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు.

మన దగ్గర ఇంటర్‌లో ఒకేషనల్ తీసుకున్న పిల్లలు ఇంజినీరింగ్ వైపు రావాలంటే విడిగా బ్రిడ్జి కోర్సు పూర్తి చేయాలి. మన ఒకేషనల్ సిలబస్‌ను మళ్ళీ రాసేవారు ఈ బడి టైంటేబుల్‌ను ఒకసారి ముందు పెట్టుకుని చూడాలని కోరుతున్నాను.