సింట్రా "మూర్ల కోట": పునరుద్ధరణలో చరిత్ర పాలెంత?

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కు వాయవ్య దిశలో, అట్లాంటిక్ సముద్రపు గాలి నేరుగా వచ్చి తాకే చోట సింట్రా కొండలున్నాయి. ఏడాదిలో చాలా రోజులు వాటి శిఖరాలను మంచు తెర కప్పే ఉంటుంది. అరబ్బులు ఈ ఊరిని "షింతరా" అన్నారు. ఇక్కడి వీడని మంచునూ, పెద్ద పెద్ద ఆపిల్ పండ్లనూ అల్ హిమ్యరీ తన "అర్రౌజుల్ మిఅతార్"లో ప్రస్తావించాడు. ఆ శిఖరాలలో ఒకదాని మీద, బండరాళ్ళను కలుపుకుంటూ మెలికలు తిరిగిన ప్రాకారం ఒకటుంది. దాని పేరు "కాస్తెలు దుష్ మోరుష్", అనగా మూర్ల కోట.

ఆ పేరు విన్న ముస్లిం పాఠకుని మనసులో ఒక చిత్రం తనంతట తానే రూపుదిద్దుకుంటుంది. అబ్దుల్ హలీం షరర్ నవల "ఫ్లోరా ఫ్లోరిండా", ఇఖ్బాల్ కవిత "మస్జిదె ఖుర్తుబా" మన ఇళ్ళలో అందలూస్‌ను కోల్పోయిన స్వర్గంగా నిలిపాయి. ఆ చిత్రంతో వెళ్ళిన యాత్రికునికి సింట్రా కోట బురుజులు ఇస్లామీయ వైభవానికి శిలాసాక్ష్యాలుగా కనిపిస్తాయి. అయితే ఆ సాక్ష్యంలో అసలు ఎంత, తర్వాతివారు చేర్చినది ఎంత అన్నది విచారించవలసిన విషయం.

కోట చేతులు మారిన వైనం

కోటకు పునాది వేసినది ముస్లిములే. ఆ పాలన తొలి శతాబ్దాలలో లిస్బన్ చుట్టుపట్ల తీరాన్ని, పొలాలను కనిపెట్టి ఉండటానికి దీన్ని నిర్మించారు. 1093లో బతల్యూస్ (బదహోస్) పాలకుడు అల్ ముతవక్కిల్, ఆఫ్రికా నుండి వచ్చిన మురాబితులకు భయపడి, కాస్తీలియా రాజు ఆరవ అల్ఫోన్సో రక్షణ కోరాడు. అందుకు మూల్యంగా లిస్బన్, సంతరేం, సింట్రాలను అతనికి అప్పగించాడు. తోటి ముస్లిముల నుండి కాపాడుకోవటానికి ముస్లిం పాలకుడే నగరాలను ధారపోశాడన్న మాట! మురాబితులు తర్వాత వాటిని తిరిగి గెలుచుకున్నారు. చివరకు 1147లో (హి. 542) అఫోన్సో హెన్రిక్స్ ఉత్తర ఐరోపా శిలువ యోధుల సాయంతో లిస్బన్‌ను పట్టుకున్నాడు. ఆ వార్త విన్న సింట్రా పోరు లేకుండానే లొంగిపోయింది. 1154లో ఆ రాజు ఊరికి హక్కుల పత్రం ఇచ్చాడు. ప్రాకారం వెలుపల సెయింట్ పీటర్ చర్చి వెలిసింది.

ఆ పైన జనం కొండ దిగి కింది ఊరికి మళ్ళారు. 1496లో రాజు మాన్యుయెల్ యూదులనూ ముస్లిములనూ దేశం విడిచి పొమ్మని శాసించాడు. 1755 నవంబరు 1న లిస్బన్‌ను నేలమట్టం చేసిన భూకంపం ఈ కోట గోడలను కూడా దెబ్బతీసింది. పందొమ్మిదో శతాబ్దం నాటికి మిగిలినది పొదలు అల్లుకున్న శిథిలం.

రాజుగారి ఉద్యానవనం

ఈ శిథిలాన్ని ఉద్ధరించినవాడు రాణి రెండవ మరియా భర్త, జర్మన్ వంశీయుడైన ఫెర్డినాండ్. 1838లో పక్క శిఖరం మీది పెన మఠాన్ని కొని, అక్కడ తన రంగురంగుల ప్రాసాదం కట్టించాడు. ఆ వెంటనే మూర్ల కోటను కూడా కౌలుకు తీసుకుని, 1840 ప్రాంతం నుండి కూలిన గోడలు లేపించాడు, బాటలు వేయించాడు, చెట్లు నాటించాడు. అయితే అతనికి కావలసినది చరిత్ర కాదు, దృశ్యం. తన ప్రాసాదం నుండి చూస్తే ఎదురుగా ఒక ప్రాచీన కోట రమ్యంగా కనిపించాలి. అది ఆనాటి రొమాంటిక్ అభిరుచి. గోడను నిలబెట్టిన చేతులే చెట్ల కోసం నేలను తవ్వి, కింద దాగిన ఆధారాలను చెదరగొట్టాయి.

ఇందుకు నిదర్శనం చర్చి దగ్గరున్న ఒక సమాధి. పనులు జరుగుతుండగా మానవ అస్థికలు బయటపడ్డాయి. అవి క్రైస్తవులవో ముస్లిములవో తేల్చలేక రాజు అన్నిటినీ ఒకే చోట పూడ్పించాడు. రాతి మీద శిలువనూ నెలవంకనూ పక్కపక్కనే చెక్కించి, మనుషులు కలిపిన వీటిని ఇక దేవుడే వేరుచేయాలన్న భావం వచ్చే మాట రాయించాడు. ఆ సౌజన్యాన్ని ఎవరూ కాదనలేరు. ఐరోపాలో ఆ రోజుల్లో అలాంటి మర్యాద అరుదు. కాని ముస్లిం మృతుని కుడి పక్కకు ఒత్తిగిలించి, ముఖం ఖిబ్లా వైపు తిప్పి పడుకోబెడతారు. క్రైస్తవుని వెల్లకిలా పడుకోబెడతారు. ఎముకలను కదిలించక ముందు చూసి ఉంటే, దేవుని తీర్పు దాకా ఆగవలసిన పని ఉండేది కాదు. తర్వాతి తవ్వకాలలో ఆ చర్చి చుట్టూ బయటపడినది మధ్యయుగపు క్రైస్తవ శ్మశానం. నెలవంక నీడలో నిద్రిస్తున్నవారిలో ముస్లిములు ఎందరో ఊహించవచ్చు.

ప్రక్షిప్తాల సమస్య

ఇరవయ్యో శతాబ్దంలో ప్రభుత్వం రంగంలోకి దిగింది. 1910లో కోట జాతీయ స్మారకమయింది. 1929లో ఏర్పడిన స్మారక కట్టడాల శాఖ, సలజార్ పాలనలో, 1940 నాటి జాతీయోత్సవాల సందర్భంగా దేశంలోని కోటలకు పూర్వరూపం తెచ్చే పని చేపట్టింది. లిస్బన్‌లోని సెయింట్ జార్జి కోటలో తర్వాతి కాలపు కట్టడాలను తొలగించి, మధ్యయుగపు రూపాన్ని కొత్తగా కట్టారు.

ఒక ప్రాచీన అరబీ గ్రంథానికి తహ్‌ఖీఖ్ చేసే విద్వాంసుడు, చెదలు తిన్న చోట లోపించిన వాక్యాన్ని ఊహించి పూరించవచ్చు. కాని ఆ పూరణను కుండలీకరణంలో ఉంచి, హాషియాలో కారణం చెప్పాలి. చెప్పకుండా మతన్‌లో కలిపేస్తే అది పరిష్కరణ కాదు, ప్రక్షిప్తం. కట్టడాల విషయంలో 1964 నాటి వెనిస్ ఒడంబడిక ఇదే నియమం పెట్టింది. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలి, తప్పనిసరై చేర్చినది చేర్చినట్లు కనిపించాలి. నూరేళ్ళ తర్వాతి నియమంతో ఫెర్డినాండ్‌ను దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. అతను పూనుకోకపోతే ఆ గోడలలో ఎన్ని నిలిచేవో! కాని అతని పూరణలను ఈనాటికీ "మూర్ల" పేరుతోనే చూపించడం మాత్రం విమర్శార్హం.

ఆ పేరును కూడా పరీక్షించాలి. పోర్చుగల్ జానపదులు మూలం తెలియని పాత శిథిలాలను, ఇస్లాంకు ఎన్నో వేల ఏళ్ళ ముందరి రాతి సమాధులను సైతం, "మోరుష్" కట్టినవనే చెప్పుకున్నారు. 1498లో కాలికట్‌లో దిగిన పోర్చుగీసులు అక్కడి ముస్లిములనూ ఆ పేరుతోనే పిలిచారు. అరబ్బు, బర్బరు, మాపిళ్ళ తేడాలు ఆ మాటకు పట్టవు. అది ఒక జాతికి పెట్టిన పేరు కాదు, "పరాయివాడు" అనటానికి మారుపేరు.

నేల చెప్పే సాక్ష్యం

1995లో సింట్రా ప్రాంతం యునెస్కో జాబితాలో చేరింది. 2000లో ఏర్పడిన సంస్థ ఒకటి ఆ పైన కోట బాధ్యత వహించి, 2009 తర్వాత విస్తృతంగా తవ్వకాలు జరిపించింది. ముస్లిముల ఇళ్ళ పునాదులు, రాతిని తొలిచి చేసిన ధాన్యపు పాతరలు, కుండ పెంకులు వెలుగు చూశాయి. బురుజుల కన్న ఇవి చాలా చిన్నవి, కాని నమ్మదగినవి. దక్షిణాన మెర్తోలాలో 1978 నుండి ఇదే పని మరింత ఓపికగా జరిగింది. 1144లో సూఫీ ఇబ్ను ఖసీ పట్టుకున్న ఆ కొండ ఊరిలో ముస్లిముల ఇళ్ళు బయటపడ్డాయి. మసీదు చర్చిగా మారినా మిహ్రాబు అక్కడే ఉంది. అక్కడ ప్రధానంగా చూపించేది దొరికినదే, ఊహించినది కాదు.

భూమి మీద సంచరించి పూర్వికుల పర్యవసానం చూడమని దివ్య ఖుర్ఆన్ పదే పదే బోధిస్తుంది. ఆ చూపులో గర్వం కన్న, విలాపం కన్న విచక్షణ ముఖ్యం. అల్ ముతవక్కిల్ అప్పగింతను మరచి బురుజుల కోసం కన్నీరు కార్చే ముస్లిం పాఠకుడు కూడా ఫెర్డినాండ్ వలె దృశ్యాన్నే ప్రేమిస్తున్నాడు. సింట్రాకు వెళ్ళినవారు ఎత్తయిన గోడల మీద ఎంతసేపు నిలిచినా, దిగి వచ్చేటప్పుడు ఆ ధాన్యపు పాతరల దగ్గర కాసేపు ఆగటం మేలు. కరువు కాలానికని అక్కడ గింజలు దాచుకున్న కుటుంబాల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. ఆ గోతులను మాత్రం ఏ రాజూ తిరగరాయలేదు.