గీత ఎక్కడ గీశారు?

బంగారం పరమాణువులో 79 ఎలక్ట్రాన్లు. వాటిలో 60 కేంద్రకాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. పక్కకు ఇంకో పరమాణువు వచ్చినా, పోయినా వాటికి పెద్దగా పట్టదు. బంధం సంగతంతా మిగతా 19 చూసుకుంటాయి. అందుకే ఆ 60ని లెక్కలోంచి తీసేసి, వాటి ప్రభావాన్ని మాత్రం ఒక సూత్రంలో ఉంచుతారు. అదే ఎఫెక్టివ్ కోర్ పొటెన్షియల్. అణువుల లెక్కలు కంప్యూటర్‌పై చేసే మాకు వాడుకలో ఈసీపీ. నాజీల పాలన భరించలేక జర్మనీ వదిలి మాస్కో చేరిన హాన్స్ హెల్‌మాన్ 1935లోనే ఈ దారి చూపాడు. 1938లో స్టాలిన్ ప్రభుత్వం ఆయన్ని కాల్చి చంపింది. రోజూ ఈ పద్ధతి వాడేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అన్ని ఎలక్ట్రాన్లనూ లెక్కలోకి తీసుకుంటే ఫలితం ఇంకా కచ్చితంగా వస్తుంది కదా అని విద్యార్థులు అడుగుతారు. అన్నిసార్లూ రాదు. బంగారంలో అన్నిటికంటే లోపలి ఎలక్ట్రాన్ల వేగం కాంతివేగంలో దాదాపు 58 శాతం. అంత వేగంలో లెక్కకొచ్చే సాపేక్షతను వదిలేస్తే, 79 ఎలక్ట్రాన్లనూ లెక్కించినా రెండు బంగారు పరమాణువుల మధ్య దూరం పదోవంతు దాకా ఎక్కువొస్తుంది. ప్రయోగంలో తేలింది 2.47 ఆంగ్‌స్ట్రామ్‌లు. మంచి ఈసీపీని తయారుచేసేటప్పుడే సాపేక్షత ప్రభావాన్ని అందులో కలిపేస్తారు కనుక, 19 ఎలక్ట్రాన్లతోనే అసలు విలువకు బాగా దగ్గరగా వెళ్లొచ్చు.

నా అనుభవంలో తప్పు ఎక్కువగా దొర్లేది ఉజ్జాయింపు దగ్గర కాదు, లోపలివేవి, బయటివేవి అని గీత గీసే చోట. టైటానియం చూడండి. 22 ఎలక్ట్రాన్లలో 18 లోపలివనుకుంటే బయట 4 మిగులుతాయి. లెక్క చకచకా సాగుతుంది. కానీ 3ఎస్, 3పీ ఎలక్ట్రాన్లు తిరిగే చోటే 3డి ఎలక్ట్రాన్లూ తిరుగుతాయి. 3డి ఎలక్ట్రాన్లు బంధంలోకి వెళ్లినా, బయటికి వచ్చినా ఆ కదలిక 3ఎస్, 3పీ ఎలక్ట్రాన్లకూ తగులుతుంది. వాటిని బిగించేస్తే బంధశక్తులు నమ్మదగ్గవిగా రావు. 10 మాత్రమే తీసేసి 12 ఉంచుకోవాలి. లాస్ అలమోస్‌లో హే, వాడ్ట్ 1985లో పరివర్తన లోహాలకు మొదట, ఎక్కువ ఎలక్ట్రాన్లను లోపలివిగా తీసేసే పెద్ద కోర్‌తో పొటెన్షియల్స్ ఇచ్చినా, అదే ఏడాది బయటి కోర్ కర్పరాన్ని కూడా లెక్కలో ఉంచే రెండో రకాన్ని ప్రచురించింది ఇందుకే.

ఈసీపీ పెట్టిన భార పరమాణువు కేంద్రకం దగ్గరే ఎన్‌ఎమ్‌ఆర్ విలువ కావాలంటే మాత్రం ఈసీపీ పనికిరాదు. అడిగే చోట ఉండాల్సిన లోపలి ఎలక్ట్రాన్లే లెక్కలో లేవు.

లెక్క నడిచాక నేను ముందు శక్తి విలువ చూడను. అవుట్‌పుట్ ఫైల్లో ఎలక్ట్రాన్ల సంఖ్య వెతుకుతాను. రెండు బంగారు పరమాణువులకు 38 ఉండాలి. అక్కడ 158 కనిపిస్తే ప్రోగ్రాం ఈసీపీని చదవనే లేదు. 19 ఎలక్ట్రాన్ల కోసం కూర్చిన బేసిస్ సెట్లో (ఎలక్ట్రాన్లను వర్ణించే గణిత ప్రమేయాల సమూహంలో) 79ని కుక్కేసింది. ఆ శక్తి ఎన్ని దశాంశ స్థానాల దాకా వచ్చినా పారేయాల్సిందే.