భయానికి తొమ్మిది దినాల గడువు

హైదరాబాద్ నగరంలో మనుషులను పీడించే భయాలలో రెండు మూడింటికి ముషీరాబాద్ చాలాకాలంగా చిరునామా. ఒకప్పుడు సెంట్రల్ జైలు ఉన్న స్థలంలోకే 2003లో గాంధీ ఆస్పత్రి తరలివచ్చింది. 2020లో కోవిడ్ చికిత్సకు తెలంగాణ అంతటికీ ప్రధాన కేంద్రం అదే అయింది. అక్కడికి కొద్ది దూరంలో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ, అశోక్‌నగర్ సందుల్లోని హాస్టళ్లలో, గ్రూప్స్‌కూ సివిల్స్‌కూ చదివే యువత ఏళ్ల తరబడి నోటిఫికేషన్ల కోసం, ఫలితాల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. జైలు, జబ్బు, పరీక్ష వంటి ఘట్టాలలో కథోలిక క్రైస్తవులు పునీతులను, అంటే పవిత్ర జీవితం గడిపి పరలోకం చేరినట్టు శ్రీసభ (కథోలిక సంఘం) అధికారికంగా ప్రకటించిన స్త్రీపురుషులను, ఆశ్రయించే సంప్రదాయం ఒకటుంది. దాన్ని వట్టి మొక్కుగా తీసిపారేసేవారు దాని నిర్మాణాన్ని గమనించలేదనే చెప్పాలి. రూపం లేని భయానికి ఒక మాటను, ఒక గడువును, పేదలకు తీర్చవలసిన ఒక బాకీని ఏర్పరచడమే ఆ సంప్రదాయం చేసే అసలు పని.

పునీతుల వేడుదల అంటే పునీతులే వరమివ్వడం కాదు. ఇచ్చేవాడు దేవుడొక్కడేననీ, పునీతులు భక్తుని పక్షాన ఆయనను వేడుకుంటారనీ శ్రీసభ బోధ. స్వరూపాలకు చేసే వందనం వేరు, దేవునికి మాత్రమే చెందే ఆరాధన వేరు అని 787లో రెండవ నైసియా మహాసభ తేల్చింది. పునీతుల సహాయాన్ని అర్థించడం మంచిదనీ ప్రయోజనకరమనీ 1563లో త్రెంతు మహాసభ తన చివరి సమావేశంలో ప్రకటించింది. క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అని పౌలు తిమోతికి రాసిన మొదటి లేఖలో ఉన్నందున బాప్టిస్టు, మెథడిస్టు సంఘాలవారు ఈ పద్ధతిని అంగీకరించరు, ఆ అభ్యంతరం తేలిగ్గా తోసివేయదగింది కూడా కాదు. తోటి విశ్వాసిని తన కోసం ప్రార్థించమని కోరడం వల్ల క్రీస్తు మధ్యవర్తిత్వానికి భంగం రానప్పుడు, మరణించి దేవుని సన్నిధిలో ఉన్నవారిని కోరితే మాత్రం ఎందుకు వస్తుందని కథోలికులు అడుగుతారు. మరణం విశ్వాసుల మధ్య బంధాన్ని తెంచుతుందా లేదా అన్నదే ఇక్కడి అసలు వివాదం, తక్కినదంతా దాని నుంచి పుట్టినదే.

ముషీరాబాద్‌లో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్ వద్ద రైలు మారితే చేరగలిగే మెట్టుగూడలో పునీత అంతోనివారి పుణ్యక్షేత్రం ఉంది; మంగళవారం అక్కడి నొవేనాకు, అంటే నవదిన ప్రార్థనలకు, కథోలికులతో పాటు ఇతర మతాలవారు కూడా వస్తారు. అంతోనివారు 1195లో లిస్బన్‌లో పుట్టి, ఫ్రాన్సిస్కన్ సభలో చేరి, గొప్ప బోధకుడిగా పేరు పొంది, 1231 జూన్ 13న పాదువా నగరం వద్ద మరణించారు. ఏడాది తిరగకముందే, 1232 మేలో, తొమ్మిదవ గ్రెగొరీ పోపు ఆయనను పునీతునిగా ప్రకటించారు. పోయిన వస్తువులు దొరకడానికి ఆయనను తలచుకోవడం లోకమంతటా వాడుక. ఆయన కీర్తనల గ్రంథాన్ని ఎత్తుకుపోయిన ఒక యువ సన్యాసి మనసు మారి తిరిగి తెచ్చి ఇచ్చాడన్న కథ దానికి ఆధారం. అంతగా ప్రచారంలో లేని మరొక సంగతి చరిత్రకెక్కినది: ఉన్నదంతా అప్పులవారికి అప్పగించిన రుణగ్రస్తులను చెరసాలలో పెట్టరాదని 1231 మార్చిలో పాదువా నగర పాలకులు చట్టం చేసింది ఆయన కోరిక మీదే. జైలు నేల మీద ఆస్పత్రి వెలసిన పేటకు తాళంచెవులు వెతికిపెట్టే అంతోనివారికన్నా ఈ అంతోనివారే దగ్గరివారు.

ఆయన అంత్యక్రియలు మంగళవారం జరిగినందున ఆ వారం ఆయనదైంది. వరుసగా తొమ్మిది మంగళవారాలు ఆయన స్వరూపాన్ని దర్శించుకునే అలవాటు 1617లో బొలోన్యాకు చెందిన ఒక స్త్రీతో మొదలైందని సంప్రదాయం చెబుతుంది. తొమ్మిది అనే లెక్క మాత్రం అంతకన్నా చాలా పాతది. క్రీస్తు పరలోకానికి ఆరోహణమైన తరువాత పెంతెకోస్తు దినం వరకు శిష్యులు, మరియమాత ఒకచోట కూడి ప్రార్థిస్తూ గడిపిన రోజులు తొమ్మిది. నొవేనా ప్రార్థనలు ఆ నిరీక్షణనే నమూనాగా తీసుకున్నాయి. ఆ నమూనాలో ఉన్నది ఒకచోట కూడి ఎదురుచూస్తున్న మనుషులే కాబట్టి, ఈ పద్ధతిలోని మొదటి మెలకువ అయిన ఈ గడువు భయంతో ఎదురుచూసేవారికి అతికినట్టు సరిపోతుంది.

ప్రార్థనలో వాడే మాటలు ముందే స్థిరపడి ఉండడం ఈ పద్ధతిలో రెండవ మెలకువ. పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వస్తోత్రం అనే మూడూ కథోలికుల ఇళ్లలో పిల్లలకు కూడా కంఠతా వచ్చినవే. వీటిలో మంగళవార్త జపం మొదటి సగం లూకా సువార్తలోని దేవదూత, ఎలిజబేతమ్మల పలుకుల నుంచి వచ్చింది. ఇప్పుడూ మరణ సమయంలోనూ పాపుల కోసం ప్రార్థించమని మరియమాతను అర్థించే రెండవ సగం 1568 నాటి రోమను ప్రార్థన గ్రంథంతో స్థిరరూపం పొందింది. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న మనిషికి సొంత మాటలు దొరకవు; దొరికినా అవి భయాన్నే తిప్పితిప్పి చెబుతాయి. ప్రార్థనమాల, అంటే ఒకరు పునీతుని బిరుదులను ఒక్కొక్కటిగా పలుకుతుంటే తక్కినవారు ఒకే వేడికోలును తిరిగి తిరిగి చెప్పే ప్రార్థన, అలాంటివారికి ఇంకా సులువు, ఎందుకంటే బరువు సగం సమూహం మీద పడుతుంది. చాలా పుణ్యక్షేత్రాల్లో భక్తులు రాసి వేసిన మనవులను, కృతజ్ఞతలను పేర్లు లేకుండా చదివి వినిపిస్తారు. తన కష్టమే లోకంలో పెద్దదనుకుంటూ వచ్చినవారు అవి విన్నాక తమ మనవిని కొంత తగ్గించి రాస్తే ఆశ్చర్యం లేదు.

మూడవది బాకీ. ఫ్రాన్స్‌లోని తూలోన్ పట్టణంలో 1890లో దుకాణం తాళం ఎంతకూ రాకపోతే, అది తెరుచుకుంటే పేదలకు రొట్టెలు పంచుతానని ఒక వ్యాపారి స్త్రీ అంతోనివారికి మాట ఇచ్చింది. ఆ మాట నుంచి విస్తరించిన అంతోనివారి రొట్టె అనే దానం ఇప్పుడు చాలా దేశాల గుడులలో కనిపిస్తుంది. కోరిక తీరితే పునీతునికి చెల్లించవలసినది మూడో మనిషి ఆకలికి చేరడం ఈ సంప్రదాయం సాధించిన గొప్ప మార్పు అని ఒప్పుకోవాలి.

అశోక్‌నగర్ అభ్యర్థులకు తగిన పునీతుడు కుపెర్తీనో యోసేపువారు. 1603లో ఇటలీలో పుట్టిన ఆయన చదువులో మరీ వెనుకబడినవాడు. పీఠాధిపతి (బిషప్) ఆయనకు తెలిసిన ఒకే ఒక్క భాగం మీద ప్రశ్న అడిగారనీ, మరొక పరీక్షలో ముందు కూర్చున్నవారు బాగా చెప్పడంతో తక్కినవారిని అడగకుండానే ఉత్తీర్ణులను చేశారనీ కథ. 1767లో ఆయన పునీతుడయ్యారు, సెప్టెంబర్ 18 ఆయన పండుగ, పరీక్ష రాసేవారు ఆయనను తమ పాలక పునీతునిగా, అంటే తమను కాచే పునీతునిగా, భావిస్తారు. ఓఎమ్మార్ షీట్ల కాలంలో ఆ రెండవ అదృష్టానికి చోటు లేదు గాని, వచ్చినంతవరకు శ్రద్ధగా చదివి, రానిదాని గురించి కుంగిపోకుండా కూర్చోవడం ఏ పరీక్షకైనా పనికొస్తుంది.

తెలుగునేల మీద ఈ సంప్రదాయం స్థానికమైన తీరు తెలియాలంటే విజయవాడ వైపు చూడాలి. 1924లో ఆర్లాటి గురువులు మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించిన గుణదల కొండకు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జనం పోటెత్తుతారు. తలనీలాలు, కొబ్బరికాయలు అక్కడి మొక్కుల్లో మామూలే. పెద అవుటపల్లిలో 1945లో మరణించిన బ్రదర్ జోసఫ్ తంబి సమాధి వద్ద కూడా ప్రజలు వేడుకుంటారు. ఆయనను శ్రీసభ దైవసేవకునిగా, అంటే పునీత పట్టం కోసం విచారణ ఆరంభమైన వ్యక్తిగా, గుర్తించింది. ఈ దశలో సొంతంగా ప్రార్థించవచ్చు గాని, గుడిలో బహిరంగ పూజ చేయరాదు. ఆపై ధన్యునిగా, పునీతునిగా ప్రకటించడానికి సాధారణంగా అద్భుతం కావాలి, అది స్వస్థత అయితే దానికి వైద్యశాస్త్రం వివరణ ఇవ్వలేకపోతోందని వైద్యులు చెప్పాలి. జనం నమ్మకాన్ని ఇంత నెమ్మదిగా తూచే వ్యవస్థను మూఢమని అనడం తొందరపాటు.

మూఢత్వం ఉన్నది మరోచోట. ఇన్ని ప్రతులు పంచకపోతే కీడు జరుగుతుందని బెదిరించే కరపత్రాలు, ఎన్నడూ విఫలం కాదని హామీ ఇచ్చే వాట్సాప్ ప్రార్థనలు భయాన్ని తగ్గించకపోగా దానికి వడ్డీ కడతాయి. ఫలితం యంత్రంలా వచ్చిపడుతుందన్న ఆలోచనను శ్రీసభ బోధ సమ్మతించదు. నొవేనా మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, రుసుమూ లేదు, డాక్టరు రాసిన మందు మానవలసిన పనీ లేదు. ఏ మనిషైనా, ఏ కాగితమైనా ఈ మూడింటిలో ఒక్కటి షరతుగా పెట్టినా, ఆ మనిషినీ ఆ కాగితాన్నీ పక్కన పెట్టి, సందేహముంటే విచారణ గురువులను, అంటే గుడి బాధ్యత చూసే ఫాదర్‌ను, అడగడం మేలు.