జాడ చదివినవాళ్ల మాట

1980 ఆగస్టులో ఆస్ట్రేలియాలోని ఉలూరు కొండ దగ్గర గుడారంలోంచి అజారియా అనే పసిపాప మాయమైంది. డింగో, అంటే అక్కడి అడవికుక్క, ఎత్తుకుపోయిందని తల్లి లిండీ ఏడ్చింది. ఆదివాసులు ఇసుకలో జాడలు చదివి ఆ మాటే చెప్పారు. అయినా 1982లో హత్యానేరం మోపి ఆమెకు యావజ్జీవం వేశారు. రెండు అప్పీళ్లూ కొట్టేశారు. తగినంత దుఃఖం చూపలేదు కాబట్టి ఆమే చంపిందని చాలామంది తేల్చేశారు, జోకులూ వేశారు.

1986లో పాప జాకెట్ దొరికాకే ఆమె విడుదలైంది. 1988లో తీర్పు రద్దయింది. డింగోయే కారణమని 2012లో అధికారికంగా ఒప్పుకున్నారు.

జనం ముఖం చూశారు, కోర్టు ల్యాబు కాగితం చూసింది. నేలను చదివిన చదువును చాలామంది చదువనుకోలేదు. టీచర్లారా, మన పిల్లవాడు జాడ చూసి జంతువు పేరు చెబితే పాఠం ఆపైనా వినండి.