విక్రయవాక్యమున ప్రమాణము - ఛలము

ప్రతిదినము మన కంటికిని చెవికిని తప్పక సోకు వచనమేది యని విచారించినచో, అది కావ్యము గాదు, శాస్త్రము గాదు. వస్తువు నమ్ముటకై కూర్చబడిన ప్రకటన. ఐనను సాహిత్యవిమర్శ దానిని అంగడి వ్యవహారమని తరచు త్రోసిపుచ్చుచున్నది. అది వాఙ్మయమగునా కాదా యను వాదమునకు మేము దిగుట లేదు. అది వాక్యమనుటలో సందేహము లేదు. వాక్యమైనదెల్ల పరీక్షకు లోబడవలసినదే. ‘అమ్మబోయిన అడవి, కొనబోయిన కొరివి’ యను సామెత అమ్మువాని కష్టమును, కొనువాని కష్టమును సమముగా నెరిగినది. ఆ యిరువురి నడుమ నిలుచునది మాట. ఆ మాట యెప్పుడు ప్రమాణమగును, ఎప్పుడు ఛలమగును అనునదే యిచ్చట విచార్యము. ఉదాహరణమునకు సబ్బును గ్రహించితిమి. అంతకంటె సామాన్యమైన వస్తువు దొరకదు.

సబ్బు మన యిండ్లలోనికి రాకపూర్వము ఒడలికి సున్నిపిండియు, తలకు కుంకుడుకాయయు శీకాయయు, బట్టలకు చౌడును ఉండెడివి. వానిని పొగడవలసిన పని లేకుండెను. తల్లిచేతినుండి బిడ్డచేతికి వాని గుణము తెలియుచుండెను. 1888లో కలకత్తా రేవున దిగిన సన్‌లైట్ సబ్బు బిళ్లలకు అట్టి పరిచయము లేదు. ఇంగ్లండున లీవర్ సోదరులు చేసినవని తెలుపు అక్షరములు మాత్రము వానిపై అచ్చొత్తబడి యుండెను. ఇంట పుట్టిన వస్తువునకు అనుభవము సాక్షి. బయటినుండి వచ్చిన వస్తువు సాక్షిని వెంట దెచ్చుకొనవలెను. సబ్బు ప్రకటనల చరిత్ర యంతయు ఆ సాక్ష్యాన్వేషణమే యని మా అభిప్రాయము.

నైయాయికులు ప్రమాణములు నాలుగని చెప్పిరి: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. సబ్బు నమ్మినవారు ఈ నాల్గింటిని వాడుకొనిరి.

ప్రత్యక్షమునకు నిర్మా ఉదాహరణము. 1969లో అహమ్మదాబాదున కర్సన్‌భాయి పటేలు తాను ఇంట తయారుచేసిన బట్టల పొడిని సైకిలుపై ఇంటింటికి దీసికొనిపోయి తక్కువ ధరకు అమ్మెను. ఇచ్చట మాట స్వల్పము. కొన్న గృహిణి ఆ దినమే ఉతికి చూచుకొనగలదు. వస్తువే వాక్యమునకు పూచీ.

అనుమానమునకు 1980ల నాటి సర్ఫ్ ప్రకటన ఉదాహరణము. అందలి లలితాజీ చౌకవస్తువు వేరు, మంచివస్తువు వేరని ప్రతిజ్ఞ చేయును. అర కిలో సర్ఫ్ కిలో చౌకపొడితో సమానమని హేతువు చెప్పును. కావున దీనిని కొనుటే వివేకమని నిగమనము చేయును. పంచావయవములలో ఉదాహరణము, ఉపనయము మాత్రము గృహిణి తన బకెట్టునందు పూరించుకొనవలసినవి. లలితాజీ కల్పితపాత్ర యైనను ఆమె తర్కము పరీక్షింపదగినది. అది కొనుదానిని ఆలోచనాపరురాలినిగా భావించి చేసిన సంభాషణము; అందుచే గౌరవింపదగినది.

ఉపమానముకడ చిక్కు మొదలగును. శాస్త్రమున ఉపమానము తెలియని వస్తువును తెలిసికొనుటకు సాధనము. ఆవును బోలినది గవయమని విన్నవాడు అడవిలో గవయమును గుర్తించును. పొరుగువాని చొక్కా తన చొక్కాకంటె తెల్లగా నున్నదేమని వగచు రిన్ ప్రకటనలో పోలిక గలదు కాని, దానివలన తెలియవచ్చునది సబ్బు గుణము గాదు, తన లోపము. పోలిక జ్ఞానమునకు గాక సిగ్గునకు సాధనమైనది. చొక్కా విషయమున ఇది నవ్వి యూరకుండదగినదే. చర్మపు రంగునే లోపముగ జూపిన ముఖలేపనముల ప్రకటనలయందు ఇదియే ఉపాయము క్రూరమైనది. 1975 నుండి అమ్మబడుచు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ పేరునుండి 2020లో ‘ఫెయిర్’ అను పదము తొలగింపబడుట, ఆ పోలికపై లోకము పలికిన అభ్యంతరమునకు ఫలమే.

ఇక శబ్దము. స్వదేశోద్యమ కాలమున గోద్రెజ్ సబ్బును రవీంద్రనాథ ఠాకూరు మెచ్చుకొనిన ప్రకటన వెలువడెను. 1941లో లక్స్ ప్రకటనయందు సినీతార లీలా చిట్నీస్ కనిపించెను. వస్తువును సాక్షాత్తుగ నెరిగి, ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పగోరువాడే ఆప్తుడని వాత్స్యాయనుని నిర్వచనము. ఠాకూరు మాట స్వదేశీవస్తువుపై గల ఆదరమునకు ప్రమాణము. సబ్బు యొక్క రసాయనగుణమునకు గాదు. తార సౌందర్యము ప్రత్యక్షమే. అది ఆ సబ్బువలన కలిగినదనుట ప్రత్యక్షము గాదు. కీర్తిగలవారెల్లరు ఆప్తులు గారు.

ప్రమాణములు సడలినచోట ఛలము ప్రవేశించును. న్యాయశాస్త్రము దానిని మూడు విధములుగ విభజించినది.

వాక్ఛలమునకు ‘నవకంబల’ దృష్టాంతము ప్రసిద్ధము. క్రొత్త కంబళి యని వక్త చెప్పగా తొమ్మిది కంబళులని ప్రతివాది పట్టుకొనును. అమెరికాలో 1882లో వెలువడిన ఐవరీ సబ్బు ప్రకటన అది 99.44 శాతము శుద్ధమని చాటెను. ఆ యంక కల్పితము గాదు. రసాయనపరీక్షలో సబ్బునకు చెందని పదార్థము 0.56 శాతమని తేలెను. కాని రసాయనజ్ఞుని శుద్ధి వేరు, స్నానమాడువాని శుద్ధి వేరు. ఒకే పదమున రెండర్థములు నిలిచినవి. మన దేశమునందును ఇట్టి చిక్కు కలదు. భారతీయ ప్రమాణముల ప్రకారము టాయిలెట్ సోపులో మొత్తము కొవ్వుపదార్థము మొదటి తరగతికి 76, రెండవదానికి 70, మూడవదానికి 60 శాతమునకు తగ్గరాదు. ‘బేదింగ్ బార్’ అనునది వేరు జాతి. దానికి అంత కొవ్వుపదార్థము అవసరము లేదు. పొట్లముపై చిన్న అక్షరములలో ఈ భేదమున్నను, కొనువాని నోట రెండును సబ్బే.

సామాన్యచ్ఛలమున కొందరికి చెల్లు గుణమును జాతి కంతకును అంటగట్టుదురు. ప్రకటనలో దీనికి విలోమము కానవచ్చును. జాతి కంతకు గల గుణమును ఒక్క వ్యక్తి సొంతము చేసికొనును. క్రిములను పోగొట్టుట సరిగా కడిగినచో ఏ సబ్బునకైన గల గుణము. క్రిమినాశకద్రవ్యములు చేర్చిన సబ్బులు సామాన్యమైన సబ్బునీటికంటె మేలైనవని ఉత్పత్తిదారులు నిరూపింపలేదని చెప్పి, 2016లో అమెరికా ఆహారౌషధ సంస్థ అట్టి 19 ద్రవ్యములను గృహోపయోగపు సబ్బులయందు నిషేధించెను.

ఉపచారచ్ఛలమున లాక్షణికప్రయోగమును వాచ్యముగ గ్రహించి తప్పుపట్టుదురు. ఇచ్చట నొక ఆక్షేపము రావచ్చును: ప్రకటన అతిశయోక్తి; కవికి చెల్లినది వర్తకునకేల చెల్లదు? సమాధానము సులభము. నాయిక ముఖము చంద్రుడనిన కవి, అది యారోపమని తానెరుగును, పాఠకు డెరుగునని యెరుగును. ఆ యెరుకయే రసమునకు ఆధారము. వర్తకుడు మేను వెన్నెలయగునని చెప్పి, వినువాడు దానిని వాచ్యముగ నమ్మి వెల చెల్లించుటకు ఎదురుచూచును; నిలదీసినప్పుడు మాత్రము అది అలంకారమని తప్పించుకొనును. అమ్మునప్పుడు అభిధ, అడిగినప్పుడు లక్షణ!

మూడుచోట్లను ఒక విశేషము గమనింపదగినది. శాస్త్రమున ఛలము ప్రతివాది చేయు అపరాధము, వక్త నిర్దోషి. విక్రయవాక్యమున వక్తయే రెండర్థములకు చోటుంచి కూర్చును, శ్రోత నిర్దోషి. కావున మోసపోయినవానిని తెలివితక్కువవాడని పరిహసించుట న్యాయము గాదు.

చట్టమును ఈ దారికే వచ్చినది. 2019 వినియోగదారుల రక్షణచట్టము తప్పుదారి పట్టించు ప్రకటనను నిర్వచించి, ముఖ్యవిషయమును బుద్ధిపూర్వకముగ దాచుటను అందు చేర్చెను. 2022 మార్గదర్శకములు వస్తువును సమర్థించువాని మాట అతని నిజమైన అభిప్రాయమై, తగిన సమాచారముపై గాని అనుభవముపై గాని ఆధారపడవలెనని విధించెను. ఇది వాత్స్యాయనుని ఆప్తలక్షణమునకు ఎంత సమీపమో చెప్పనక్కరలేదు.

కాని చట్టము దోషము జరిగిన పిదప వచ్చును. విమర్శ ముందే మేల్కొల్పును. తర్కసంగ్రహమును ప్రాచీనవాదములకే పరిమితము చేసి చెప్పుటకంటె, ఒక సబ్బు పొట్లమును విద్యార్థుల ముందుంచి ఇందు ప్రత్యక్షమెంత, ఆప్తవాక్యమెంత, ఛలమెంత యని అడుగుట మేలని మా విన్నపము. వారిలో కొందరు రేపు ప్రకటనలే వ్రాయుదురు. అందరును సబ్బు కొందురు. పరీక్షకు నిలువగల మాటతో వస్తువు నమ్ముట అసాధ్యము గాదని సైకిలుపై వచ్చిన పొడియు, లలితాజీ తర్కమును నిరూపించినవి. అమ్మువానికి వాక్పటుత్వ ముండుట దోషము గాదు. కొనువానికి పరీక్షింప నవకాశము లేకుండ జేయుటయే దోషము.