వణుకు ఆరా తీసే పనితనం

పాత కారు వణుకుతోందంటే విజయవాడ ఆటోనగర్‌లో మంచి మెకానిక్ ముందు స్పానర్ పట్టడు. "ఎప్పుడండీ?" అని అడుగుతాడు. వేగం 80 దాటాక స్టీరింగ్ ఊగితే చక్రాల బ్యాలెన్సింగ్ చూస్తాడు. బ్రేకు తొక్కినప్పుడే అయితే డిస్కులు.

నాకు ముచ్చటేసేది, వణుకుతోపాటు సెన్సార్ లైటు కూడా వెలిగినప్పటి అతని ఓపిక. స్కానర్ పి0301 కోడ్ చూపిందంటే ఒకటో సిలిండర్ మిస్‌ఫైర్ అవుతోందని. ఏ భాగం పోయిందో అది చెప్పదు. అతను ఒకటో కాయిల్‌ను రెండోదానితో మార్చి, కోడ్ చెరిపి, ఇంజన్ ఆడిస్తాడు. ఈసారి పి0302 వచ్చిందా, దోషం కాయిల్‌దే. రాకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వరసగా చూస్తాడు. కొత్త సామాను కొనకుండానే ఎంత చక్కటి పరీక్ష! లైటు చూడగానే సెన్సార్ మార్చేయడం పనితనం కాదు. ఇలాంటి మెకానిక్ దొరికితే, బిగించినందుకే కాదు, లోపం కనిపెట్టినందుకూ కూలి ఇవ్వండి.